పాలగదిలో ముక్కాలిపీట

పాలగొట్టాలు కడుక్కోవడానికి యంత్రానికి నలభై రెండు నిమిషాలు పడుతుంది. ముందు గోరువెచ్చటి నీళ్ళు, తరవాత మందునీళ్ళు, ఆఖర్న మళ్ళీ ఉత్తనీళ్ళు. మనిషి పక్కనే ఉండాలని ఏమీ లేదు. కానీ ఆరేళ్ళ కిందట ఒక పొద్దున గొట్టం ఊడి మందునీళ్ళు పాలతొట్టిలోకి పోయాయి. ఆ పూట పాలన్నీ పారబోశారు. గొట్టం సరిగ్గా బిగించనిది తపానీ. కాపలా మాత్రం అతని భార్య కైసుకి వచ్చింది. ఎవరూ కూర్చుని తేల్చింది కాదు. ఆ ఇంట్లో చాలా పనులు ఆమెకి అలాగే వచ్చాయి.

తపానీ ఆవులకి మేత తోసి, బూట్లు విదిలించి, కాఫీకి లోపలికి వెళ్ళిపోతాడు. కైసు పాలగదిలో ఉండిపోతుంది. అక్కడ ఒక ముక్కాలిపీట ఉంది, చేత్తో పాలు పితికే రోజుల నాటిది. బిర్చి కర్ర. కూర్చుని కూర్చుని మధ్యలో గుంట పడింది. పెల్టోలా ఇంటి కోడళ్ళు నలుగురు దానిమీద కూర్చున్నారని అత్తగారు ఐనీ చెబుతూ ఉంటుంది, అదేదో బిరుదైనట్టు.

నవంబరులో ఒక పొద్దున ఆ పీట మీద విల్యా ట్యాబు ఉంది. విల్యా కైసు కూతురు, ఆరో తరగతి. ముందు రోజు సాయంత్రం దూడలకి పాలు పట్టడానికి వచ్చి మర్చిపోయింది. బయట చీకటి, కిటికీకి మంచు. కైసు ట్యాబు తీసి పక్కన పెట్టబోయింది. వేలు తగిలి తెర వెలిగింది.

అది బడివాళ్ళు ఇచ్చిన లెక్కల పరికరం. పేరు పోర్రస్, అంటే మెట్టు. క్లాసులో అందరికీ ఇచ్చేది కాదు. ఇచ్చిన లెక్కలు అందరికంటే ముందు చేసేసి కిటికీలోంచి కాకుల్ని చూస్తూ కూర్చునే పిల్లలుంటారే, వాళ్ళకి. ఉసినేవా బడిలో అలాంటి పిల్ల విల్యా ఒక్కతే. మెట్టుకో లెక్క. గడియారం లేదు, మార్కులు లేవు. జవాబు ఒక్కటీ రాస్తే ఒప్పుకోదు, ఎలా వచ్చిందో దానికిచ్చిన పెన్నుతో తెరమీద చేత్తో రాయాలి.

తెరమీద విల్యా సగంలో వదిలేసిన లెక్క ఉంది. ఒక విందుకి ఏడుగురు వచ్చారు. ప్రతి ఒక్కరూ సరిగ్గా ముగ్గురితో చేతులు కలిపారు. ఇది జరిగే పనేనా? విల్యా ఏడు చుక్కలు పెట్టి, వాటి మధ్య గీతలు గీసి, చెరిపి, మళ్ళీ గీసి వదిలేసింది.

కైసు నిలబడే చూసింది. ఏడు మూళ్ళు ఇరవై ఒకటి. చెయ్యి చెయ్యి కలిస్తే రెండు చేతులు. రెండేసి చొప్పున కలుపుకుంటూ పోతే ఇరవై ఒకటిలో ఒక చెయ్యి గాల్లో మిగిలిపోతుంది. జరగదు. పీట మీద కూర్చుని పెన్ను తీసుకుని అదే రాసింది. తెర ఒక్క క్షణం ఆగి అడిగింది: 'ప్రతి కలయికలో రెండు చేతులే ఉంటాయని ఎందుకు అనుకున్నావు?'

ఆమెకి నవ్వొచ్చింది. తరవాత నవ్వు ఆగిపోయింది. ఎందుకు అనుకున్నావు అని ఆమెని ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయింది? ఎందుకు చేశావు అని అడుగుతారు. ఎందుకు చెయ్యలేదు అని ఇంకా ఎక్కువగా అడుగుతారు. కాఫీ ఎందుకు చల్లారింది, విల్యా మేజోళ్ళు ఎందుకు తడిగా ఉన్నాయి, దూడ చెవికి నంబరు బిళ్ళ ఎందుకు వెయ్యలేదు. ఎందుకు అనుకున్నావు అని అడగాలంటే అవతలి మనిషి అనుకుంటుందని ముందు తెలియాలి. ఆ గాజుపలకకి తెలుసు. అది కైసుని విల్యా అనుకుంటోంది, అది వేరే సంగతి.

యంత్రం ఆగిపోయి చాలాసేపయింది. తపానీ తలుపు దగ్గరికొచ్చి అన్నాడు, "ఏంటి కైసూ, గొట్టాలకి కథ చెబుతున్నావా? అమ్మకి మాత్రలివ్వాలి."

అలా మొదలైంది.

ఊళ్ళో ఇప్పటి పిల్లలకి తెలియదు గాని, కైసుకి లెక్కలు కొత్త కాదు. ఉసినేవా పాత బడిలో హెల్వి పంతులమ్మ దగ్గర చదువుకుంది. హెల్వి పంతులమ్మకి ఒక పట్టుదల ఉండేది. కూడికలో చేతిలో మిగిలిన అంకెని అందరూ పైన రాస్తారు, ఆవిడ కింద రాయించేది. నెత్తిన పెట్టుకుంటే పొగరొస్తుంది, కాళ్ళ దగ్గర పెట్టుకుంటే తొక్కకుండా చూసుకుంటారు అనేది. ఆ బడిలో చదివినవాళ్ళు అరవై ఏళ్ళొచ్చినా అంకె కిందే రాస్తారు. ఆ తరవాత కైసు పట్నంలో పైచదువు లెక్కల్లో మండలానికే మొదటి మార్కు తెచ్చుకుంది. ఆ చదువు పాసైనవాళ్ళకి పెట్టే తెల్లటోపీ పెట్టి ఫొటో తీశారు. యూవాస్కులా విశ్వవిద్యాలయంలో లెక్కలకి సీటొచ్చింది. ఆ వేసవి ఖర్చులకి పనికొస్తుందని పెల్టోలాలో పాలు పితికే పనికి కుదిరింది. తపానీ అప్పుడు చక్కగా నవ్వేవాడు. ఇప్పుడూ చక్కగానే నవ్వుతాడు, కాకపోతే తక్కువ. శరదృతువు వచ్చేసరికి ఐనీకి తుంటి ఆపరేషను. "ఒక్క ఏడాది ఆగవే అమ్మాయ్, సీటు ఎక్కడికి పోతుంది" అంది ఐనీ. సీటు ఎక్కడికి పోయిందో తెలియదు, పోయింది. ఇరవై రెండేళ్ళయింది. టోపీ అలమర పైన, క్రిస్మస్ దీపాల డబ్బాలో ఉంది.

లెక్క మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆవులకి ఏ మేతలో ఏది ఎంత కలపాలో కైసే కట్టేది. ఎండుగడ్డి ఏ కోతదో, దాంట్లో బలమెంతో, ఈనబోయే ఆవుకెంత, వట్టిపోయినదానికెంత, అన్నీ బ్రెడ్డు సంచీ వెనక పెన్సిలుతో. ఏటా మార్చిలో మేత సలహాదారు వస్తాడు. కైసు పోసిన కాఫీ తాగుతూ ఆ కాగితం చూస్తాడు. "బాగా కట్టావు తపానీ, నీది మంచి చెయ్యి" అంటాడు. తపానీ "ఏదోలే" అంటాడు. అబద్ధం ఆడడు. నిజం కూడా చెప్పడు. కైసు ఇంకో బన్ను పెడుతుంది.

శీతాకాలమంతా ఆ నలభై రెండు నిమిషాలు ఆమెవి. విల్యా సాయంత్రం తనకి వచ్చినంత చేసి ట్యాబు పాలగదిలో పెట్టి వెళ్ళేది. పొద్దున కైసు అక్కడినుంచి ఎక్కేది. తప్పు దారిలో పోతే ఆ పరికరం తప్పు అనదు. దాంట్లోంచి చిన్న ప్రశ్న ఒకటి తీసి ముందర పెడుతుంది. ఒక్కో లెక్క నాలుగు పొద్దులు పట్టేది. ఆ నాలుగు రోజులూ బంగాళదుంపలు చెక్కు తీస్తున్నా, ఐనీ కాళ్ళకి మేజోళ్ళు ఎక్కిస్తున్నా, దొడ్డి ఊడుస్తున్నా, లోపల అది నడుస్తూనే ఉండేది. కైసుకి పనులు తగ్గలేదు. కానీ పనులు చేస్తున్న మనిషి ఇప్పుడు ఒంటరి కాదు.

ఫిబ్రవరిలో కుర్చీల లెక్క వచ్చింది. ఒక గదిలో ఐదు వరసలు, వరసకి ఐదు కుర్చీలు. ఇరవై ఐదు మంది కూర్చున్నారు. గంట కొట్టగానే ప్రతి ఒక్కరూ ముందుకో వెనక్కో, కుడికో ఎడమకో, పక్క కుర్చీలోకే మారాలి. అందరికీ కుర్చీ దొరుకుతుందా?

మూడు పొద్దులు తిరిగింది. నాలుగో పొద్దున గేదెలాంటి ఆవు ఒకటి, లుమిక్కి దాని పేరు, పాలగది తలుపులోంచి తల పెట్టి చూసింది. ఒళ్ళంతా నలుపు తెలుపు మచ్చలు. కైసు దాన్ని చూస్తూ కూర్చుండిపోయింది. కుర్చీలకి రంగులేస్తే? ఒకటి నలుపు, పక్కది తెలుపు. అలా వేసుకుంటూ పోతే నల్లవి పదమూడు, తెల్లవి పన్నెండు. పక్కకి మారితే నలుపులోవాళ్ళు తెలుపులోకే పోవాలి. పదమూడు మంది, పన్నెండు కుర్చీలు.

రాస్తూ రాస్తూ ఆమె చెయ్యి ఆగింది. ఆమెకి జూన్ నెల కనిపించింది. పెల్టోలాలో గడ్డి మొదటి కోతకి చుట్టుపక్కల పొలాలవాళ్ళు సాయం వస్తారు. వాళ్ళ కోతకి వీళ్ళు పోతారు. కూలి లేదు, భోజనం పెడతారు. తపానీ తాత చేసిన బల్ల, ఆయన చేసిన కుర్చీలు పన్నెండు. వచ్చేవాళ్ళు తొమ్మిది మంది, ఇంట్లోవాళ్ళు నలుగురు. ఏటా అంతే. కైసు పొయ్యి దగ్గర నిలబడి, గిన్నె చేత్తో పట్టుకుని తింటుంది. పక్క పొలం ఎస్కో ప్రతి ఏడూ "కూర్చో వదినా" అంటాడు, లేవకుండా. కైసు ప్రతి ఏడూ "మీరు కానివ్వండి" అంటుంది. అంతకుముందు ఐనీ అక్కడే నిలబడి తినేదట. నెల కిందటే చెప్పింది, నొసలు చిట్లిస్తూ. "నిలబడి తింటే అరుగుతుంది."

కైసు లెక్క పూర్తి చేసింది. 'పదమూడు మంది, పన్నెండు కుర్చీలు. ఒకరు నిలబడాలి.' అక్కడితో ఆపాల్సింది. ఇంకో ముక్క రాసింది. 'ఆ ఒకరు ఎవరో ఆట మొదలవక ముందే అందరికీ తెలుసు.'

ఆ రోజు ఇంట్లోకి పాట పాడుకుంటూ వెళ్ళింది. తనకే తెలియలేదు.

మే నెల మూడోవారంలో ఉత్తరం వచ్చింది. పోర్రస్ నడిపేవాళ్ళు హెల్సింకి నుంచి రాశారు. ఆగస్టులో అక్కడ రెండు వారాల శిబిరం, ఆ తరవాత ఏడాది పొడుగునా విశ్వవిద్యాలయం వాళ్ళు పాఠాలు చెబుతారు. మండలానికి ఒక్క సీటు. ఈ మండలంలో ఆ సీటు ఉసినేవా బడి విల్యాకి. ఆమె రాకపోతే తరవాతి స్థానంలో ఉన్న కోర్పికూలా బడి హెట్టాకి.

కైసు ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. పొద్దున తాను ఎక్కిన మెట్లన్నీ ఎవరి పేరున ఉన్నాయో ఆమెకి అంతవరకు తట్టలేదు. పట్నంలో పుట్టినవాళ్ళయితే ముందే ఆలోచించి ఉండేవాళ్ళేమో. పల్లెలో ఒకరి పలుగు ఇంకొకరు పట్టుకుంటారు, తవ్విన గుంట ఎవరిదని ఎవరూ అడగరు.

తపానీ సాయంత్రానికే పాలలారీ అతనికి చెప్పేశాడు. పాలలారీ అతనికి చెబితే ముప్పై కొట్టాలకి చెప్పినట్టే. ఐనీ బ్లూబెర్రీలు తీయించి కేకు చేయించింది, కైసు చేత.

"మా మామగారు ఊళ్ళో పొలాలన్నీ నోటిలెక్కతో కొలిచేవారు" అంది ఐనీ. "కాగితం ఎరగరు. ఆ బుర్రే దీనికొచ్చింది. పెల్టోలా రక్తం."

"తాత బుర్రే" అన్నాడు తపానీ, కేకు కోస్తూ. "ఒకటి రెండు తరాలు దాటి వస్తుందంటారు. నా మీంచి దూకి పోయింది." నవ్వాడు. చాన్నాళ్ళకి మునుపటి నవ్వు.

"దూకేటప్పుడు అమ్మమీద పడలేదా నాన్నా?" అంది విల్యా. ఆ పిల్ల కేకు ముట్టుకోలేదు.

"మీ అమ్మకేం, మీ అమ్మ మేత లెక్కలు బానే కడుతుంది" అన్నాడు తపానీ. ఇరవై రెండేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు. సలహాదారు అక్కడ లేడు.

ఐనీ పడుకున్నాక, ఇంకా వెలుగుండగానే, కైసు అతన్ని పెరట్లో కట్టెల దగ్గర పట్టుకుంది. చెప్పేసింది. పద్నాలుగో మెట్టు నుంచి యాభై ఒకటి దాకా సగానికి పైగా తనవేనని.

తపానీ గొడ్డలి కిందపెట్టాడు. ఆ ఊళ్ళో మగాళ్ళు మాట్లాడకపోతే కోపమో కాదో తెలియడానికి వాళ్ళ చేతులు చూడాలి. తపానీ చేతులు జేబుల్లోకి పోయాయి.

"పిల్లల ఆట మీద నువ్వు కూర్చున్నావా?"

"కూర్చున్నాను."

"పాలగదిలో."

"గొట్టాలు కడుక్కునేటప్పుడు. నువ్వు కాఫీ తాగేటప్పుడు."

"ఊరంతా తెలిసిపోయింది కైసూ. లారీ అతను ఎస్కోకి చెప్పాడు, ఎస్కో ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. ఇప్పుడు వెనక్కి తిప్పితే ఏమనుకుంటారు? విల్యా ఏం మొద్దు కాదు కదా. అక్కడికి పోతే నేర్చుకుంటుంది. నోరు మూసుకుని ఊరుకో, అందరికీ మంచిది."

"హెట్టాకి మంచిది కాదు" అంది కైసు.

"ఆ పిల్ల ఎవరో నీకు తెలుసా?"

"తెలియదు. సీటొచ్చి పోయిన పిల్ల ఎలా ఉంటుందో తెలుసు."

తపానీ గొడ్డలి తీసుకున్నాడు. ఇంకో రెండు మొద్దులు చీల్చాడు. మూడోది వంకరగా చీలింది.

మర్నాడు పొద్దున యంత్రం మందునీళ్ళ దగ్గర ఉండగా విల్యా పాలగదిలోకి వచ్చింది. రాత్రి బట్టల మీద నాన్న కోటు, కాళ్ళకి అమ్మ బూట్లు. కైసు పీట మీద కూర్చుని ఉంది, ఒళ్ళో ఏమీ లేదు. పిల్ల పాలతొట్టికి ఆనుకుని నిలబడింది.

"నేను వెళ్ళనమ్మా."

"తెలుసు. ఇవాళ బడికొచ్చి సైలా టీచరుకి చెబుతాను. నీ తప్పేం లేదు. నీ పేరున ఉందని అనుకోకుండా నేను—"

"నాకు తెలుసు" అంది విల్యా.

"ఏం తెలుసు?"

"నవంబరునుంచీ. రాత్రి పదమూడో మెట్టుమీద పడుకుంటే పొద్దున పద్నాలుగు మీద లేస్తున్నాను. నిద్రలో ఎక్కుతానా? నీ రాత నాకు తెలీదా? మనింట్లో అంకె కింద రాసేది నువ్వొక్కదానివే."

కైసు పీటమీద ఇటు తిరిగింది. "మరి రోజూ ఇక్కడ మర్చిపోయింది..."

"ఒక్కరోజే మర్చిపోయాను. తరవాత పెట్టాను. చార్జింగు చేసి మరీ పెట్టాను." పిల్ల బూటు ముందుభాగంతో నేల గీరింది. "నువ్వు చేస్తున్నావని నాకు తెలిసినట్టు చెబితే మానేస్తావు. అప్పుడు మళ్ళీ పొద్దున గుడ్ మార్నింగ్ కూడా చెప్పకుండా మేజోళ్ళు వేసుకో, సంచీ తీసుకో అంటావు. ఇప్పుడు పాడుకుంటూ వస్తున్నావు. నానమ్మ కూడా అంది, మీ అమ్మకి ఏమైందే, రేడియో మింగిందా అని."

కైసు నవ్వబోయింది. అది నవ్వు కాలేదు. పిల్లని దగ్గరికి లాక్కుంది. కోటుకి కట్టెల వాసన. గొట్టాల్లో ఉత్తనీళ్ళు తిరుగుతున్నాయి.

"కుర్చీల లెక్క నేను ఎనిమిదిసార్లు చదివాను" అంది విల్యా ఆమె భుజంలోకి. "ఆఖరు ముక్క నాకు నచ్చలేదమ్మా."

"ఎందుకు?"

"అది జవాబు కాదు కదా."

సైలా టీచరు గదిలో కుర్చీలు పిల్లల కొలతవి. కైసు మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. కొట్టం వాసన పోవాలని రెండుసార్లు స్నానం చేసింది, అయినా వస్తున్నట్టే ఉంది. సైలా చిన్నది, ముప్పై దాటలేదు. కైసు కోటు కూడా విప్పకుండా చెప్పేసింది. ఇంటి దగ్గర అల్లుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "ఆ లెక్కలు విల్యావి కాదు టీచరుగారూ. నావి. సీటు ఆ రెండో అమ్మాయికి ఇప్పించండి. విల్యాని ఏమీ అనకండి."

సైలా సొరుగు లాగి కాగితాలు తీసింది. పోర్రస్ లోంచి అచ్చు వేసినవి. పైన ఉన్నదాంట్లో కైసు తన రాత చూసింది.

"మా అమ్మ కూడా అంకె కిందే రాస్తుంది" అంది సైలా. "ఆవిడా హెల్వి పంతులమ్మ శిష్యురాలే. నా క్లాసులో పిల్లలెవరికీ ఆ అలవాటు లేదు. ఈ పిల్ల రోజూ పొద్దున సరిగ్గా ఐదూ నలభైకి మొదలుపెట్టి ఆరూ ఇరవైకి ఆపేస్తుంది, లెక్క మధ్యలోనైనా సరే. ఏ పిల్ల అలా ఆపుతుందండీ? ఇక ఇది." ఇంకో కాగితం తిప్పింది. "ఆ ఒకరు ఎవరో ఆట మొదలవక ముందే అందరికీ తెలుసు. పన్నెండేళ్ళ పిల్ల ఈ ముక్క రాయదు కైసుగారూ. రాస్తే నాకు ఆ పిల్ల గురించి భయమేస్తుంది."

"తెలిసీ ఉత్తరం రానిచ్చారా?"

"అది నా చేతిలో లేదు, లెక్క చూసి యంత్రమే పంపింది. ఈ వారం మీ ఇంటికి వద్దామనుకున్నాను. ముందు మీరొస్తే బావుండునని కూడా అనుకున్నాను." సైలా చెవులు ఎర్రబడ్డాయి. "విల్యా సొంతంగా పంతొమ్మిదో మెట్టు మీద ఉంది. ఆ ఈడుకి అది చాలా మంచి మెట్టు. అక్కడినుంచి తనే ఎక్కుతుంది. హెట్టా వాళ్ళకి నేను ఫోన్ చేస్తాను. మీది మాత్రం మూసెయ్యాలి. పెద్దవాళ్ళకి దాంట్లో చోటు లేదు, నేను అడిగాను."

కైసు తల ఊపింది. అది న్యాయమే. లేవబోయింది.

"కూర్చోండి" అంది సైలా. లేవకుండా అన్న మాట కాదు అది. ఆమె లేచి తన కుర్చీ, పెద్దవాళ్ళ కొలతది, ఇటు జరిపింది. "యూవాస్కులా వాళ్ళకి బయటివాళ్ళ కోసం తెరిచిన పాఠాలున్నాయి. పరీక్ష లేదు, వయసు లేదు. ఇంట్లో కూర్చుని వినొచ్చు. మొదటిది ఆగస్టు ఆఖర్న. మంగళవారం, గురువారం, సాయంత్రం ఐదింటికి."

"ఐదింటికి పాలు" అంది కైసు. నోరు దానంతటదే అంది.

"ఎందుకు మీరే?" అంది సైలా. తప్పు పట్టినట్టు కాదు. ఆ గాజుపలక అడిగినట్టే.

సైకిలు మీద తొమ్మిది కిలోమీటర్లు, కైసు ఆ చిన్న ప్రశ్న ముందర పెట్టుకుని తొక్కింది. ఎందుకంటే ఎప్పుడూ నేనే. ఎప్పుడూ నేనే అయితే ఇప్పుడు ఎందుకు? ఎందుకంటే తపానీ గొట్టం సరిగ్గా బిగించడు. బిగించకపోతే నేర్చుకోలేడా? ఇల్లు కనిపించేసరికి ఒక్క సాకు కూడా మిగల్లేదు. ఆ రాత్రి యూవాస్కులా పాఠాల దరఖాస్తు నింపి పంపింది. చదువు అన్న గడిలో మండలానికి మొదటి మార్కు అని రాయలేదు. ఉసినేవా పాత బడి అని మొదలుపెట్టింది.

జూన్ పదకొండున మొదటి కోత. వాన వచ్చేలోగా గడ్డి పాతరగొయ్యిలో పడాలని ట్రాక్టర్లు పొద్దున్నుంచి తిరుగుతున్నాయి. ఊళ్ళో అప్పటికే సంగతి తెలిసింది. విల్యా వెళ్ళడం లేదని ఒకరు, వాళ్ళమ్మ చేసిందట అని ఒకరు. మధ్యాహ్నం బల్ల చుట్టూ చేరారు. సాల్మన్ చారు, సోపాకు వేసిన కొత్త బంగాళదుంపలు, రై రొట్టె, వెన్న. పన్నెండు కుర్చీలూ నిండాయి.

"అయితే వదినా," అన్నాడు ఎస్కో, చారులో రొట్టె ముంచుతూ, "మా ఇంట్లో కూడా ఒక ట్యాబు ఉంది. మావాడు నాలుగో ఎక్కం దగ్గర ఇరుక్కున్నాడు. ఒక పొద్దు వచ్చిపోరాదూ?"

అందరూ నవ్వారు. తపానీ పళ్ళెం వంక చూస్తున్నాడు.

"నాలుగో ఎక్కం నువ్వే చెప్పుకో ఎస్కో. నీకూ పనికొస్తుంది" అంది కైసు. ఈసారి నవ్వు ఇంకా పెద్దది. ఎస్కోయే ఎక్కువ నవ్వాడు.

"సరేలే. కూర్చో వదినా" అన్నాడు, అలవాటు ప్రకారం.

కైసు గిన్నె చేత్తో పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి ఉంది. మీరు కానివ్వండి అనే మాట నాలుక చివరికి వచ్చింది కూడా. బల్ల అవతలి నుంచి విల్యా ఆమెనే చూస్తోంది. అది జవాబు కాదు కదా.

అప్పుడామెకి తట్టింది. మూడు పొద్దులు తిరిగి, నాలుగో పొద్దున ఆవు మచ్చలు చూసి కనిపెట్టిన లెక్కలో, తాను ఒక్కసారైనా చూసుకోని సంగతి. గదిలో కుర్చీలు పెంచకూడదని ఆ లెక్కలో ఉంది. పెల్టోలాలో ఆ నియమం ఎవరూ పెట్టలేదు.

గిన్నె పొయ్యి గట్టు మీద పెట్టి బయటికి నడిచింది. వాకిలి దాటి పాలగదికి వెళ్ళి ముక్కాలిపీట తెచ్చింది. దాని కాళ్ళకి ఇంకా తడి ఉంది. తపానీకీ ఐనీకీ మధ్య ఉన్న చోటు చూసి, "కాస్త జరగండి అత్తయ్యా" అంది.

ఐనీ పీట వంక చూసింది, కోడలి వంక చూసింది. "కొట్టంలో పీట భోజనాల బల్ల దగ్గరికా?" అంది.

"ఇవాళ్టికి. రేపు తపానీ ఇంకో కుర్చీ చేస్తాడు. వాళ్ళ తాత బుర్ర రాకపోయినా చేతులు వచ్చాయి కదా."

ఐనీ నోరు తెరిచి మూసింది. తరవాత తుంటి పట్టుకుని, కుర్చీతో సహా, పావు గజం జరిగింది. జరుగుతూ ఎవరికీ చెబుతున్నట్టు కాకుండా అంది, "నేను ఇరవై ఎనిమిదేళ్ళు నిలబడ్డాను. అరుగుతుందని అబద్ధం చెప్పాను."

కైసు కూర్చుంది. పీట పొట్టిది. బల్ల గుండెల దాకా వచ్చింది, చిన్నపిల్ల కూర్చున్నట్టు. ఫరవాలేదనిపించింది.

"తపానీ, ఆగస్టునుంచి మంగళవారం, గురువారం సాయంత్రం పాలు నువ్వు పిండాలి. గొట్టం ఎలా బిగించాలో చూపిస్తాను. కడుక్కునేదాకా పక్కనే ఉండాలి, నలభై రెండు నిమిషాలు."

తపానీ చేతులు బల్ల మీద ఉన్నాయి. జేబుల్లోకి పోలేదు.

"అంతసేపు అక్కడ ఏం చెయ్యను?" అన్నాడు.

"ఆలోచించుకో" అంది కైసు. బల్ల చివరనున్న వెన్నగిన్నె వైపు చెయ్యి చాపింది. అందలేదు.

"ఆ వెన్న ఇటు అందించండి."